సున్నాకి తిరిగి రాని సీఎన్‌సీ రూటర్: సమస్య - పరిష్కారం

లక్షణం: సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ ఆజ్ఞల ప్రకారం చెక్క లాంటివి కోసే మెషీన్) పని మొదట్లో అంతా బాగానే ఉంటుంది. గంట గడిచేసరికి పాకెట్ (తొలిచిన గుంట) గోడ ఒక పక్కకి జరిగి కనిపిస్తుంది. చివర్లో మెషీన్‌ని సున్నాకి పంపితే స్క్రీన్ మీద 0.000 అనే ఉంటుంది, బిట్ మాత్రం మొదట పెట్టిన గుర్తుకి ఒకటో రెండో మిల్లీమీటర్ల పక్కన ఆగుతుంది.

ఇది చూడగానే చాలామంది బ్యాక్‌లాష్‌ని, అంటే స్క్రూకీ నట్టుకీ మధ్య వదులుని, తీసేసే యాంటీ బ్యాక్‌లాష్ నట్టు కొంటారు. అనవసరం. బ్యాక్‌లాష్ పోగవదు. వందసార్లు అటూ ఇటూ తిప్పినా నట్టులో ఉన్న వదులు మొదట ఎంతో చివర్లోనూ అంతే. దానివల్ల వృత్తం అంచులు చదునవుతాయి గానీ సున్నా జరిగిపోదు. మిల్లీమీటరుకి స్టెప్పుల (మోటారు వేసే చిన్న చిన్న అడుగుల) లెక్క తప్పినా ఇంతే: కొలత పెరుగుతుంది లేదా తగ్గుతుంది, తిరుగు ప్రయాణంలో ఆ తప్పే రద్దవుతుంది. సున్నా జరిగిందంటే ఏదో జారుతోంది, లేదా స్టెప్పులు పోతున్నాయి.

ముందు మార్కర్ పెన్ తీయండి

మోటారు షాఫ్టు, లీడ్ స్క్రూ (క్యారేజీని జరిపే పొడవాటి స్క్రూ), ఆ రెండిటినీ కలిపే కప్లర్ మూడింటి మీదుగా ఒకే గీత గీసి పని నడపండి. గీత విరిగితే గ్రబ్ స్క్రూ (కప్లర్‌ని షాఫ్టుకి బిగించే తల లేని చిన్న స్క్రూ) జారింది. షాఫ్టుకి చదును ఉంటే గ్రబ్ స్క్రూ సరిగ్గా దాని మీదే కూర్చోవాలి. టీ8 స్క్రూకి (8 మి.మీ. లావు లీడ్ స్క్రూకి) చదును ఉండదు, గ్రబ్ స్క్రూకి మరల శిఖరాలే దిక్కు, అందుకే ముందు అటువైపే జారుతుంది. ఆకురాయితో అక్కడ చిన్న చదును తీసి, ఒక చుక్క థ్రెడ్ లాకర్ వేసి బిగించండి. గీత గీయడం అర నిమిషం పని. అది మానేసి డ్రైవర్లు (మోటార్లకి కరెంటు ఇచ్చి నడిపే బోర్డులు) మార్చేవాళ్ళే ఎక్కువ.

గీత చెదరలేదా? స్పిండిల్ ఆపి, బిట్‌ని గాల్లో ఉంచి అదే ఫైలు నడపండి. తేడా మాయమైతే అది లోడు గొడవ. కోత లోతు తగ్గించండి, జీఆర్‌బీఎల్ (మెషీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో $120, $121 అనే ఎక్స్, వై యాక్సిలరేషన్‌ని సగం చేయండి, డ్రైవర్ కరెంటు మోటారు రేటింగ్‌కి తగ్గట్టు ఉందో చూడండి. గాల్లో కూడా తేడా వస్తే, అసలు దొంగ ఇక్కడున్నాడు.

దిశ మారినప్పుడల్లా పోయే స్టెప్పు

ఆర్డుయినో మీద జీఆర్‌బీఎల్, దానికి టీబీ6600 లాంటి ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుతురు ద్వారా దాటించే భాగం) ఉన్న డ్రైవర్లు: చవక రూటర్లలో తరచూ కనిపించే జోడీ ఇది. జీఆర్‌బీఎల్ డైరెక్షన్ పిన్ను మార్చిన వెంటనే స్టెప్ పల్స్ పంపేస్తుంది, మధ్యలో విరామం దాదాపు ఉండదు. ఆప్టోకప్లర్ వెలగడం త్వరగా వెలుగుతుంది, ఆరడం నెమ్మదిగా ఆరుతుంది. కాబట్టి డైరెక్షన్ సిగ్నల్ ఆరాల్సిన మలుపులో స్టెప్పే ముందు చేరుతుంది, మోటారు ఆ ఒక్క స్టెప్పు పాత దిశలోనే వేస్తుంది. ఎదురు మలుపులో ఈ తప్పు జరగదు. అందుకే తేడా రద్దు కాకుండా ఎప్పుడూ ఒకే పక్కకి పోగవుతుంది.

లెక్క చూడండి. 8 మి.మీ. లీడ్ (ఒక చుట్టుకి జరిగే దూరం) ఉన్న టీ8 స్క్రూ, చుట్టుకి 200 స్టెప్పుల మోటారు, ఒక్కో స్టెప్పుకి 16 మైక్రోస్టెప్పులు అంటే మిల్లీమీటరుకి 400 స్టెప్పులు. ఒక స్టెప్పు ముందుకి పడాల్సింది వెనక్కి పడితే రెండు స్టెప్పుల తేడా, అంటే ఒక్కో రాకపోకకి 0.005 మి.మీ. కంటికి ఆనదు. 200 రాకపోకలకి 1 మి.మీ. అవుతుంది. బయటి అంచు కోస్తే ఏమీ తెలియదు. చిన్న అక్షరాలు చెక్కినా, 3డీ ఫినిషింగ్ పాస్ వేసినా దొరికిపోతుంది.

పరీక్ష: క్యారేజీకి డయల్ గేజ్ ఆనించండి. ఎక్స్‌ని 1 మి.మీ. ముందుకి, 1 మి.మీ. వెనక్కి, 300 ఫీడ్‌తో 200 సార్లు నడిపి గేజ్ చూడండి. తర్వాత ఒకే ఒక్కసారి 200 మి.మీ. వెళ్ళి రమ్మనండి. రెండిట్లోనూ నడిచిన దూరం ఒక్కటే. మొదటి దాంట్లోనే మిల్లీమీటరు పోతే కారణం ఇదే.

పరిష్కారం వైరింగ్‌ని బట్టి ఉంటుంది. డ్రైవర్ మైనస్ టెర్మినల్స్ అన్నీ గ్రౌండుకి కలిపి ఉంటే, స్టెప్ పల్స్‌ని తిరగేసే $2 సెట్టింగుని $2=7 పెట్టండి. అప్పుడు స్టెప్పు పల్స్ చివరి అంచు మీద పడుతుంది, $0లో (పల్స్ నిడివి సెట్టింగులో) ఉన్న 10 మైక్రోసెకన్ల వ్యవధి డైరెక్షన్‌కి దొరుకుతుంది. చాలకపోతే $0ని 15 చేయండి. ప్లస్ టెర్మినల్స్ 5 వోల్టులకి కలిపి ఉంటే $2=0 సరైనది; ఎవరో చెప్పారని అక్కడ 7 పెడితే లేని జబ్బు తెచ్చుకున్నట్టే. $2 విలువలో ఎక్స్‌కి 1, వైకి 2, జెడ్‌కి 4, మూడూ కలిస్తే 7. ఒక్క వైకే అలాంటి డ్రైవర్ ఉంటే 2 చాలు. మార్చాక మూడు అక్షాలకీ 200 పరీక్ష మళ్ళీ చేయండి. జెడ్‌ని వదిలేస్తే లోతు మెల్లగా మారుతూ పోయి ఆఖర్న పట్టుబడుతుంది.

మిగతావి

ఏ4988 లాంటి ప్లగ్గిన్ డ్రైవర్లలో ఆప్టో ఉండదు, వాటికి డైరెక్షన్ మార్పుకీ స్టెప్పుకీ మధ్య 0.2 మైక్రోసెకన్లు చాలు. అక్కడ వేడికి చిప్పు ఆగిపోతోందేమో చూసి ఫ్యాను పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు చేయి తగిలి జరుగుతుంటే $1=255 పెట్టండి, మోటార్లు పట్టు వదలవు. యూఎస్‌బీ కేబుల్ తెగితే పని మధ్యలోనే ఆగిపోతుంది గానీ సున్నా ఇలా మెల్లగా జరగదు, ఈ లక్షణానికి దాన్ని అనుమానించకండి.