గిటార్ పక్కలకు గాట్ల లైనింగ్ అతికించడం ఎలా?

అకూస్టిక్ గిటార్ పక్క పలక మందం 2 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. పై పలకను నేరుగా ఆ అంచు మీద అతికిస్తే జిగురు పట్టడానికి దొరికే చోటు అంతే. అదీ చివరిదాకా మిగలదు. తర్వాత అంచు చుట్టూ బైండింగ్ కోసం, అంటే అంచును కప్పే సన్నటి పట్టీ కోసం, రూటర్ అనే గాడి తీసే మిషన్‌తో గాడి తీస్తాం కదా, అది ఒకటిన్నర నుంచి రెండు మి.మీ. లోపలికి, ఆరు మి.మీ. కిందికి తినేస్తుంది. అంటే ఆ అంచు దగ్గర పక్క పలక దాదాపు పోయినట్టే. ఆ తర్వాత తీగల లాగుడుకు తట్టుకుని పై పలకను పట్టి ఉంచేది లైనింగే, అంటే లోపల అంచు వెంట అతికించిన చెక్క పట్టీయే. లోపల ఉంటుంది, ఎవరికి కనపడుతుందిలే అని దీన్ని ఒక పూటలో కానిచ్చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

బొబ్బిలి వీణకైతే ఈ సమస్య లేదు. పనస దుంగను తొలిచి చేస్తారు కాబట్టి కుండ గోడే మందంగా ఉంటుంది, పై పలక దాని మీదే కూర్చుంటుంది. గిటార్‌కి పలచటి పలకను వేడి మీద వంచుతాం కాబట్టి లోపల అంచు వెంట ఒక పట్టీ అతికించి ఆ మందం మనమే తెచ్చుకోవాలి. మందపాటి పట్టీ వంగదు. అందుకే దానికి వరసగా గాట్లు పెడతారు.

ఏ రకం తీసుకోవాలి

గాట్లు గిటార్ లోపలికి కనపడేలా, నున్నటి వైపు పక్క పలకకు అతుక్కునేలా పెట్టేది పాత పద్ధతి. గాట్లు పక్క పలకవైపు, నున్నటి వైపు లోపలికి ఉండేది రివర్స్ రకం. మీరు రివర్స్ రకమే వాడండి. అతికించాక ఇటు పక్క పలక, అటు నున్నటి పొర, మధ్యలో గాట్ల నడుమ మిగిలిన పళ్లు కలిసి అంచంతా బిగుసుకుపోతుంది. అచ్చులోంచి తీశాక రెండు చేతులతో పట్టుకుని కొంచెం మెలితిప్పి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. అంచు గట్టిగా ఉంటే తీగ ఊపు పక్కలను కదిలించడంలో వృథా కాకుండా పలకలోనే నిలుస్తుంది. పాత పద్ధతిలోనూ గొప్ప గిటార్లు వచ్చాయి, కాదనను. స్పానిష్ పద్ధతిలో క్లాసికల్ గిటార్ చేసేవాళ్లు పై పలక దగ్గర చిన్న చిన్న చెక్క ముక్కలను ఒక్కొక్కటే అతికించుకుంటూ పోతారు. అది పలకను ముందు పరిచి, దాని మీద పక్కలు నిలబెట్టే వరసకు సరిపోయే పని. అచ్చులో పక్కలు బిగించి చేసేవాళ్లకు అనవసరం.

కావలసినవి

సుమారు 80 సెంటీమీటర్ల పట్టీలు నాలుగు: పై పలక వైపు రెండు, వెనక పలక వైపు రెండు. మందం 6 మి.మీ., ఎత్తు 16 మి.మీ. ఉంటే చాలు. మహాగని అయితే మంచిది, బాస్‌వుడ్ అయినా ఫరవాలేదు. సొంతంగా కోసుకుంటే ఆరేసి మి.మీ.కు ఒక గాటు పెట్టి, చివర 1 మి.మీ. చెక్క వదలండి. అంతకంటే తక్కువ వదిలితే విరుగుతుంది, ఎక్కువ వదిలితే వంగదు. ప్రతి గాటూ ఒకే లోతుకు ఆగేలా రంపానికి ఒక అడ్డు చెక్క కట్టుకోండి.

జిగురు టైట్‌బాండ్ ఒరిజినల్, ఎర్ర లేబుల్‌ది. మామూలు తెల్ల జిగురు వద్దు, అది వేడికి మెత్తబడుతుంది. మన ఎండాకాలంలో మూసిన కారులో గిటార్ పెట్టి మర్చిపోయేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. సూపర్ గ్లూ అసలు వద్దు. రేపు ఎవరైనా రిపేరుకు విప్పాలంటే వేడి పెట్టినా శుభ్రంగా ఊడిరాదు.

చెక్కతో చేసిన బట్టల క్లిప్పులు ఒక డజను ఎక్కువే ఉండాలి గానీ తక్కువ పడకూడదు. రెండేసి సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఒక్క పట్టీకి నలభై పడతాయి. ప్రతి క్లిప్పు ముక్కుకు రబ్బరు బ్యాండ్ రెండు మూడు చుట్లు గట్టిగా చుట్టండి, లేదంటే స్ప్రింగు బలం చాలదు. ప్లాస్టిక్ క్లిప్పులు వంగిపోతాయి. ఆఫీసు బైండర్ క్లిప్పులు పక్క పలక బయటివైపు సొట్టలు పెడతాయి.

ఇవి కాక చిన్న అద్దం, టార్చిలైటు, పెన్సిల్, సన్నటి ఉలి, కూల్‌డ్రింక్ స్ట్రా.

మొదలుపెట్టే ముందు

పక్కలు వంచి, అవి కలిసే రెండు కొసల్లో నెక్ బ్లాక్, టెయిల్ బ్లాక్ అనే చెక్క దిమ్మలు అతికించి, అచ్చులో ఉన్నాయనుకుంటున్నాను. అచ్చు పైనుంచి పక్కలు రెండున్నర సెంటీమీటర్లు బయటికి ఉండాలి, లేకపోతే క్లిప్పు పట్టదు. పక్కలు జిట్రేగివైతే, అంటే మన ఇండియన్ రోజ్‌వుడ్ అయితే, అందులో నూనె గుణం ఉంటుంది. అమెరికా గిటార్ కంపెనీ మార్టిన్ 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి దీనికి మారింది, ఇప్పుడు ప్రపంచమంతటా దీన్ని వాడుతున్నారు. లైనింగ్ కూర్చునే చోట సాండ్ పేపర్‌తో ఓసారి రుద్ది, అతికించడానికి కాస్త ముందు అసిటోన్ గుడ్డతో తుడవండి. గుడ్డకు ఊదా రంగు అంటుతుంది, కంగారు పడకండి.

తడిపి, ఆరబెట్టి వంపు నేర్పడం

రివర్స్ పట్టీ నడుము దగ్గర విరుగుతుంది. అక్కడ నున్నటి వైపు ఉబ్బుగా వంగాలి కాబట్టి నార సాగి చిట్లుతుంది. ఆ జాగాలో నున్నటి వైపు నీళ్లు చల్లి పావుగంట వదిలేయండి. తర్వాత జిగురు లేకుండానే పట్టీ మొత్తం పక్కలకు క్లిప్పులతో బిగించి, రాత్రంతా అలాగే ఉంచండి. పొద్దున తీస్తే దాదాపు ఆ వంపులోనే ఉంటుంది. కట్‌అవే, అంటే నెక్ పక్కన లోపలికి తీసిన వంపు, ఉన్న గిటార్ అయితే ఆ వంపుకు నీళ్లు చాలవు, వేడి పైపు మీద పెట్టాల్సిందే.

ఈ పొడి బిగింపు లేకుండా జిగురు సీసా మూత తీయొద్దు. పట్టీ రెండు కొసలూ బ్లాకులకు ఆనేలా సరైన పొడవు కోయడం, నడుము మధ్యలో పట్టీకీ పక్క పలకకూ కలిపి పెన్సిల్ గీత గీయడం అన్నీ ఇప్పుడే. జిగురు పూశాక కోద్దామనుకుంటే ఏదీ కుదరదు.

ఒకచోట విరిగిందా, పారేయకండి. గాటు దగ్గరే విరుగుతుంది కాబట్టి రెండు ముక్కలూ ఆనించి అతికిస్తే సరిపోతుంది.

అసలు కష్టం: ఎత్తు, అడుగు అంచు

పని చెడేది ఇక్కడే. లైనింగ్‌ను పక్క పలక అంచుకు సమానంగా పెట్టకూడదు. కాస్త పైకి నిలబెట్టాలి.

ఎందుకో లెక్క చూడండి. గిటార్ పలకలు చదునుగా ఉండవు. వెనక పలకకు సుమారు 4.6 మీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళంలో ముక్కలా ఉబ్బు ఉంటుంది, పై పలకకు 7.6 నుంచి 8.5 మీటర్లు. కింది భాగంలో గిటార్ సగం వెడల్పు 20 సెంటీమీటర్లు. అక్కడ వెనక పలక అంచు నుంచి మధ్యకు వెళ్లే ప్రతి మి.మీ.కు దాదాపు 0.04 మి.మీ. పైకి లేస్తుంది. లైనింగ్ మందం 6 మి.మీ. కాబట్టి దాని లోపలి అంచు బయటి అంచుకంటే పావు మి.మీ. ఎత్తుగా ఉండాలి. అంచుకు సమానంగా అతికిస్తే ఆ పావు మి.మీ. ఎక్కడినుంచి తెస్తారు? పలక పక్క అంచు మీద మాత్రమే ఆనుతుంది, లైనింగ్ లోపలి అంచు దగ్గర సందు మిగులుతుంది. ఆ సందును జిగురుతో నింపేసి బిగిస్తారు. తర్వాత రూటర్ పక్క అంచును తినేస్తే ఇక పలకను పట్టుకునేది జిగురు తప్ప చెక్క కాదు. కొన్నేళ్లకు అంచు లేచే గిటార్లలో చాలావాటి జబ్బు ఇదే.

అందుకని చుట్టూ 1 మి.మీ. పైకి ఉంచండి. అర మి.మీ. వదిలితే చాలంటారు కొందరు, వాళ్ల చెయ్యి అంత నిలకడగా ఉంటే మంచిదే. 1 మి.మీ. మందం ఉన్న కార్డు ముక్క ఒకటి పెట్టుకుని ప్రతి క్లిప్పు దగ్గరా గోటితో ఆనించి చూసుకోండి. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం అయితే రుద్దేటప్పుడు ఎత్తు దగ్గర గంటసేపు అరగదీస్తూ పక్క పలకను కూడా తినేస్తారు.

రెండో జాగ్రత్త అడుగు అంచు. బట్టల క్లిప్పు కొసతోనే పట్టుకుంటుంది. దాన్ని పై అంచుకు పెడితే పట్టీ పైన బిగుసుకుని, కింద తెరుచుకుంటుంది. పైనుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, అందుకే చాలామంది మోసపోతారు. క్లిప్పును పట్టీ ఎత్తులో సగందాకా దించి పెట్టండి. ఒకటి లోతుగా, పక్కది కొంచెం పైన, అలా మార్చి మార్చి పెడితే రెండు అంచులూ ఆనతాయి. పట్టీ కిందిభాగం ఏటవాలుగా ఉండి క్లిప్పు జారుతుంటే దాని నోట్లో సాండ్ పేపర్ ముక్క అతికించండి.

ఇక జిగురు. ముందు ఫ్యాను ఆపండి. ఈ జిగురు బయట ఐదు నిమిషాలు ఆగితే పొర కడుతుంది, ఎండాకాలంలో అంతకన్నా ముందే. పళ్ల మీద పలచగా, పక్క పలక మీద ఇంకాస్త పలచగా పూయండి. గాట్లలో నింపకండి. మొత్తం పట్టీ ఒకేసారి పూయొద్దు, సగమే. నడుము దగ్గర పెన్సిల్ గీతలు కలిపి మొదటి క్లిప్పు పెట్టి, అక్కడినుంచి టెయిల్ బ్లాక్ వైపు వెళ్లండి. తర్వాత రెండో సగానికి పూసి, నెక్ బ్లాక్ వైపు వెళ్లండి. కొస నుంచి మొదలుపెట్టేవాళ్లకు నడుము దగ్గరికొచ్చేసరికి రెండు మి.మీ. తేడా వచ్చి, అక్కడ బలవంతంగా నొక్కుతారు. పని కష్టంగా ఉన్న చోటే ముందు బిగించాలి.

క్లిప్పులన్నీ పెట్టాక ఆగండి. అద్దం లోపల పెట్టి, టార్చి వెలుగులో అడుగు అంచు చుట్టూ చూడండి. జిగురు సన్నటి పూసల్లా ఒకే వరసలో ఉబికి ఉంటే ఆనినట్టు. పొడిగా నల్లటి గీత కనపడితే అక్కడ సందు ఉంది, మధ్యలో ఇంకో క్లిప్పు పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత జిగురు రబ్బరులా అయినప్పుడు స్ట్రా కొసను ఏటవాలుగా కోసి, అంచు వెంట తోసుకుంటూ వెళ్తే మిగులు జిగురు దాంట్లోకే వచ్చేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే చెక్క రంధ్రాల్లోకి వెళ్లి మరకలా మిగులుతుంది. క్లిప్పులు కనీసం గంట ఉంచండి. రుద్దుడు పని మాత్రం మర్నాడే.

రుద్ది సమానం చేయడం

పుటాకారంగా తీసిన డిష్‌కు, అంటే పళ్లెంలా మధ్యలో లోతున్న చెక్కకు, 80 నంబరు సాండ్ పేపర్ అతికించి, దాని మీద అచ్చుతో సహా తిప్పండి. అంతకుముందే లైనింగ్ పైభాగం, పక్క అంచు, బ్లాకులు అన్నింటి మీదా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీయండి. గీతలు మొదట లైనింగ్ మీద పోతాయి, చివర పక్క అంచు మీద పోతాయి. చుట్టూ ఎక్కడా పెన్సిల్ మరక లేనప్పుడు ఆపండి, ఆ తర్వాత ఒక్క చుట్టు కూడా వద్దు. వెనక పలక వైపు డిష్ వేరు, పై పలక డిష్‌తో రుద్దేయకండి.

పక్కలు చిట్లకుండా నిలువుగా అతికించే సన్నటి పట్టీలు లైనింగ్ తర్వాతే పెట్టండి, పై లైనింగ్ నుంచి కింది లైనింగ్‌దాకా ఆనేలా. మధ్యలో ఆగిపోతే దెబ్బ తగిలినప్పుడు ఆ కొస దగ్గరే పగులుతుంది. చివరగా పై పలకను తెచ్చి మీద పెట్టి, ఎక్స్ బ్రేస్ (పలక అడుగున X ఆకారంలో అతికించిన బలపు పట్టీలు) కొసలు లైనింగ్ మీద ఎక్కడ పడతాయో గుర్తు పెట్టుకుని, అక్కడ ఉలితో గూళ్లు తీయండి. గూడు లోతు బ్రేస్ కొస మందమంతే ఉండాలి. కొస వదులుగా ఆడితే సన్నటి చెక్క పొర అడుగున అతికించి మళ్లీ చూడండి.