మండలం ఎంచుకున్నా గ్రామాల జాబితా ఖాళీగా వస్తే

విజయనగరం జిల్లాకు చెందిన ఒక అర్జీ పేజీలో రాజాం, వంగర, సంతకవిటి మండలాలు ఎంచుకుంటే గ్రామాల పెట్టె ఖాళీగా వచ్చేది. ఈ మండలాలు 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం నుంచి ఇటు మారాయి. మండలాల పట్టిక దిద్దారు, గ్రామాల పట్టికలో పాత జిల్లా కోడే ఉండిపోయింది. అడిగిన జిల్లా, మండలం జతకు గ్రామాల పట్టికలో ఒక్క వరుసా దొరక్క ఖాళీ జాబితా వెళ్లేది. సర్వర్ దృష్టిలో అది తప్పు కాదు కాబట్టి తప్పులు నమోదయ్యే లాగ్‌లోనూ ఏమీ కనిపించదు.

జతను పేర్లతో కలపడం మానేశాను, స్పెల్లింగ్ తేడా వస్తే మళ్లీ ఇదే తంటా. జిల్లా, మండలం, గ్రామాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌ను ఎంపికల విలువగా పెట్టి, పేరు చూపడానికే వాడాను. పాత వరుసలు చెరపొద్దు, పాత అర్జీలు వాటిమీదే ఆధారపడ్డాయి. ముగింపు తేదీ వేస్తే చాలు.

జావాస్క్రిప్ట్‌లో సర్వర్ నుంచి జాబితా తెచ్చే ఫెచ్‌కు 500 (సర్వర్ లోపం) వచ్చినా, తప్పులు పట్టే క్యాచ్‌లోకి పోదు. రెస్పాన్స్ ఓకే అవునో కాదో విడిగా చూడాలి, లేకపోతే జనానికి తెల్ల పెట్టే మిగులుతుంది. సిగ్నల్ సరిగా అందని కొండ ఊళ్ల కోసం ‘గ్రామాలు చూపు’ అనే మామూలు సబ్మిట్ బటన్ తప్పక ఉంచండి, స్క్రిప్ట్ లోడవకపోయినా ఫారం నడుస్తుంది. జాబితా ఫైలు పేరులో వెర్షన్ నంబరు మార్చండి, బ్రౌజర్ పాతది పట్టుకుని కూర్చోకుండా.