హార్మోన్ మాత్రలు మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ముట్లుడిగే వయసులో ఒళ్లంతా ఆవిర్లు, రాత్రిళ్లు నిద్ర లేదంటే కోనసీమలో "వయసు కదమ్మా" అని సరిపెట్టేస్తారు. ఓర్చుకోనక్కర్లేదు. అమలాపురమో, కాకినాడో వెళ్లి గైనకాలజిస్టును కలిసి, హార్మోన్ మాత్రలు మీకు సరిపడతాయా అని అడగండి. వెళ్లేముందు ఇవి చూసుకోండి.

• చివరి ముట్టు తేదీ రాసుకోండి. వరసగా 12 నెలలు రాకపోతేనే ముట్లుడిగినట్టు. ఆ తర్వాత చుక్క రక్తం కనిపించినా వెంటనే చూపించుకోవాలి. కోతలయ్యాక, పండగయ్యాక అని ఆగొద్దు, దయచేసి.

• గర్భసంచి ఉందా, తీసేశారా? మనవైపు చిన్న వయసులోనే తీయించుకున్నవాళ్లు ఎందరో. అండాశయాలు కూడా తీశారో లేదో చాలామందికి తెలియనే తెలియదు, అదే నా బాధ. బీరువాలో ఆ ఆపరేషన్ కాగితాలు వెతికి పట్టుకెళ్లండి. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందమై క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ తోడుండాలి.

• రొమ్ము క్యాన్సర్, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, కాలేయ జబ్బు: ఏది వచ్చినా దాచొద్దు.

• బీపీ, షుగర్ చూపించుకోండి.

• జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటున్నారా? థైరాయిడ్ రిపోర్టు తప్పు చూపించవచ్చు. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపాలి, డాక్టరుకీ చెప్పాలి.

• మంగు మచ్చలకని మందుల షాపులో ఇచ్చిన క్రీములో స్టెరాయిడ్ ఉండొచ్చు, చర్మం పలచబడుతుంది. ఆ ట్యూబు కూడా చేతిసంచిలో వేసుకోండి.

• వదినగారి చీటీతో మాత్రలు మీరు కొనొద్దు.