థండర్‌బర్డ్ ఆర్కైవ్‌లో పాత మెయిళ్లు కనబడటం లేదా?

పలాస జీడిపప్పు వ్యాపారికైనా, విజయనగరం ఆడిటరు ఆఫీసుకైనా 2019 నాటి బిల్లు చూపించమని నోటీసు వచ్చిన రోజునే ఈ తంటా బయటపడుతుంది: కంప్యూటరులో మెయిళ్లు చూసే థండర్‌బర్డ్ ప్రోగ్రాంలో, పాతవి ఏడాదివారీగా దాచే ఆర్కైవ్ ఖాళీగా కనిపిస్తుంది. చాలాసార్లు పోయేది మెయిలు కాదు, దాని జాబితా. అందుకని కంగారుపడి ఏదీ నొక్కకండి. ముఖ్యంగా ‘కాంపాక్ట్’ (చెరిపేసిన మెయిళ్లను ఫైల్లోంచి పూర్తిగా తుడిచేసే పని) జోలికి వెళ్లొద్దు. సెట్టింగ్స్‌లో జనరల్ కింద, డిస్క్ స్పేస్ దగ్గర దానంతటదే కాంపాక్ట్ చేసే టిక్కు ఉంటే తీసేయండి.

హెల్ప్ మెనూలో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ (మీ మెయిళ్లూ సెట్టింగులూ ఉండే చోటు) దొరుకుతుంది. థండర్‌బర్డ్ మూసేసి, ఆ ఫోల్డరు మొత్తం వేరే డిస్కులోకి కాపీ చెయ్యండి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌ది వాడండి.

వెతికితే రాదు, ఫోల్డరులో మాత్రం ఉంది

సెర్చ్ డేటాబేస్ పాడైంది. థండర్‌బర్డ్ మూసి, ప్రొఫైల్‌లోని ‘గ్లోబల్-మెసేజెస్-డీబీ.ఎస్‌క్యూలైట్’ ఫైలు తీసేయండి. తిరిగి తెరిచాక అదే కొత్తగా కట్టుకుంటుంది. మెయిళ్లు ఎక్కువుంటే గంటలు పడుతుంది.

ఫోల్డరు ఖాళీ, లేదా సగమే ఉంది

ముందు క్విక్ ఫిల్టర్‌కి (జాబితా పైనుండే వడపోత పట్టీ) పిన్ను గుచ్చి ఉందేమో చూడండి. లేకపోతే ప్రొఫైల్‌లో ‘మెయిల్’, ‘లోకల్ ఫోల్డర్స్’ (లేదా మీ ఖాతా ఫోల్డరు), ‘ఆర్కైవ్స్.ఎస్‌బీడీ’ వరుసగా తెరవండి. అక్కడ ‘2019’ అనే ఫైలు, ‘2019.ఎంఎస్ఎఫ్’ అనే ఫైలు ఉంటాయి. మెయిళ్లన్నీ మొదటిదాంట్లోనే, రెండోది వట్టి సూచిక. మొదటి ఫైలు వందల ఎంబీ ఉండి తెర మీద పది మెయిళ్లే కనిపిస్తే తప్పు సూచికది. ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘రిపేర్ ఫోల్డర్’ నొక్కండి. లొంగకపోతే థండర్‌బర్డ్ మూసి ఎంఎస్ఎఫ్ ఫైలు ఒక్కటే తీసేయండి.

ఆర్కైవ్ చేస్తుండగా కరెంటు పోయింది

తుపాను రోజుల్లో మన జిల్లాల్లో మామూలే. ఇన్వర్టరు ఉన్నా యూపీఎస్ మోడ్‌లో లేకపోతే, అది అందుకునేలోపే కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది. మీ వాళ్లది ఏ మోడ్‌లో ఉందో ఒకసారి చూసుకోండి.

ఇక్కడ కలిసొచ్చే సంగతి ఒకటుంది. మెయిలును ఇన్‌బాక్స్ నుంచి ఆర్కైవ్‌కి పంపినా, ఇన్‌బాక్స్ ఫైల్లోంచి అది వెంటనే చెరిగిపోదు. ‘ఎక్స్-మొజిల్లా-స్టేటస్’ అనే వరుసలో చెరిపేసినట్టు గుర్తు పడుతుందంతే. కాంపాక్ట్ అయ్యేదాకా మెయిలు అక్కడే ఉంటుంది. పాప్ ఖాతాలకూ (మెయిళ్లను కంప్యూటరులోకి దింపుకునేవి) లోకల్ ఫోల్డర్లకూ ఇలా చెయ్యండి: ఇన్‌బాక్స్ ఫైలును ‘పాతవి’ అనే పేరుతో, చివర ఏ ఎక్స్‌టెన్షన్ లేకుండా, లోకల్ ఫోల్డర్స్‌లో కాపీగా పెట్టండి. ఆ కాపీని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిచి, ఆ వరుసల్లో 0009 ఉన్నచోట 0001, 0008 ఉన్నచోట 0000 పెట్టి సేవ్ చెయ్యండి. అంకెలు నాలుగూ ఉండాలి. థండర్‌బర్డ్ తెరిస్తే ‘పాతవి’ కొత్త ఫోల్డరుగా కనిపిస్తుంది. ఎప్పుడో డిలీట్ చేసిన చెత్త కూడా తిరిగొస్తుంది, ఓర్చుకుని ఏరుకోవాలి. ఫైలు 2 జీబీ దాటితే ఆ ఎడిటరు పాత వెర్షన్లతో పని జరగదు.

2019లో లేదు, వేరే ఏడాదిలో ఉంది

ఆర్కైవ్ చేసేటప్పుడు థండర్‌బర్డ్ మెయిలు మీదున్న తేదీనే నమ్ముతుంది. పంపినవారి పాత కంప్యూటరులో గడియారాన్ని నడిపే సీఆర్2032 సెల్లు అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, మెయిలు ఏ 2002 ఫోల్డరులోనో పడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ నొక్కి, సబ్‌ఫోల్డర్లు కూడా కలిపి, తేదీతో కాకుండా పంపినవారి పేరుతో వెతకండి.

ఒక ఫోల్డరు ఫైలే లేకుండా పోయింది

యాంటీవైరస్ క్వారంటైన్ (అనుమానపు ఫైళ్లను అది బంధించి ఉంచే చోటు) చూడండి. ఒక అటాచ్‌మెంట్‌లో వైరస్ ఉంటే ఫైలు మొత్తాన్ని ఎత్తుకుపోవచ్చు. వెనక్కి తెప్పించి, అనుమానపు మెయిలును తీసేసి, ప్రొఫైల్ ఫోల్డరును స్కాన్ నుంచి మినహాయించండి.

జీమెయిల్‌లో కొత్తవే వస్తున్నాయి

బ్రౌజరులో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి, పాప్, ఐమ్యాప్ పేజీలో ఫోల్డరుకి 1,000 మెయిళ్లు చాలని పరిమితి పెట్టి ఉందేమో చూడండి, ఉంటే తీసేయండి. థండర్‌బర్డ్‌లో ‘సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్’ కింద ఇన్ని రోజులు దాటినవి డిలీట్ చెయ్యమన్న ఎంపిక ఉంటే అది సర్వర్‌లోవీ చెరిపేస్తుంది.