గాజు తొట్టెలో భూగర్భ సంవహన ప్రవాహాలను చూపించడం ఎలా?

నీళ్లు, కొవ్వొత్తి, ఆవగింజంత పొటాషియం పర్మాంగనేట్ స్ఫటికం ఉంటే చాలు, భూగర్భంలోని వేడి పైకి ఎలా చేరుతుందో పది నిమిషాల్లో కళ్లకు కట్టినట్లు చూపించవచ్చు. ఇంత తేలికైన ప్రయోగమే అయినా, వైజ్ఞానిక ప్రదర్శనలకు నిర్ణేతగా వెళ్లిన ప్రతిసారీ నాకు కనిపించేది అడుగు నుంచి అంచు దాకా గులాబీ రంగు అలుముకున్న పాత్ర, దాని పక్కన "నిన్న ఇంట్లో బాగానే వచ్చింది సార్" అంటూ బిక్కమొహం వేసుకుని నిలబడ్డ విద్యార్థి. తప్పు ఆ పిల్లవాడిది కాదు. స్ఫటికాన్ని వేయడమే ఈ ప్రయోగంలో అసలు పని అని అతనికి ఎవరూ చెప్పలేదు.

ముందుగా ఈ ప్రయోగం దేనికో తెలిసి ఉండాలి. భూపటలానికీ కేంద్రమండలానికీ నడుమ దాదాపు 2,900 కిలోమీటర్ల మందాన భూప్రావారం ఉంది. రాయి ఉష్ణాన్ని చాలా నెమ్మదిగా పోనిస్తుంది కాబట్టి, ఉష్ణవహనం, అంటే పదార్థం కదలకుండానే వేడి ఒక భాగం నుంచి పక్కభాగానికి పాకడం, ఒక్కటే దిక్కయితే అడుగున ఉన్న వేడి అంత మందాన్ని దాటి రావడానికి భూమి వయసైన 454 కోట్ల సంవత్సరాలు ఏ మూలకూ చాలవు. తరవాతి కాలంలో కెల్విన్ ప్రభువుగా పేరుపొందిన భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ 1862లో భూమి కేవలం వహనం ద్వారా చల్లబడుతోందని లెక్కగట్టి, దాని వయసును 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాల మధ్య తేల్చాడు. ఒకప్పుడు ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ, లోపలి పదార్థం కదులుతూ వేడిని తనతో మోసుకొస్తే ఆ లెక్క మొత్తం తారుమారవుతుందని 1895లో ఎత్తిచూపాడు. పదార్థమే కదిలి వేడిని మోయడాన్ని సంవహనం అంటారు. మనం తొట్టెలో చూపించబోయేది దాన్నే.

కావలసినవి

వేడికి తట్టుకునే పొడవాటి గాజు తొట్టె, రెండు ఇటుకలు, పొట్టి కొవ్వొత్తి, జానెడు పొడవున్న సన్నని గాజు గొట్టం, చిమటా, తొట్టె వెనుక నిలబెట్టడానికి తెల్ల అట్ట, నాలుగైదు వరి ఊక గింజలు, పర్మాంగనేట్. గొట్టం దొరకకపోతే పారదర్శకమైన స్ట్రా సరిపోతుంది. ఖాళీ అయిన పచ్చడి సీసాలు, చేపల తొట్లు మంటకు ఆగవు. ఒకసారి నా కళ్లముందే ఒక సీసా అడుగు చక్రంలా ఊడి వచ్చింది. బీకరులో కూడా ప్రయోగం జరుగుతుంది కాని, గుండ్రని గాజు గుండా చూస్తే ప్రవాహం వంకరగా కనిపిస్తుంది కాబట్టి నేను బీకరును ఒప్పుకోను.

నీళ్లు

ముందురోజు రాత్రే నీళ్లు కాచి చల్లార్చుకోవాలి. కుళాయి నీటిని నేరుగా పోస్తే, వేడెక్కగానే అందులో కరిగి ఉన్న గాలి బుడగలై పైకి లేస్తుంది, పిల్లలు ఆ బుడగలనే సంవహనం అనుకుంటారు. ఇటుకలను కాస్త దూరంగా నిలబెట్టి, వాటి మీద తొట్టెను ఉంచి, ఎనిమిది సెంటీమీటర్ల లోతున నీళ్లు పోసి, ఫ్యాను ఆపి, ఇరవై నిమిషాలు ఎవరూ బల్లను తాకకుండా చూడాలి. నీళ్లు పోసిన సుడి మన కంటికి కనిపించకుండా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఇరవై నిమిషాలు అంటే ఇరవై నిమిషాలే, ఐదు కాదు.

స్ఫటికాన్ని వేయడం

నూటికి తొంభైమంది ఇక్కడే చెడగొడతారు. స్ఫటికాన్ని పైనుంచి నీటిలో జారవిడిస్తే అది మునుగుతున్నంతసేపూ కరుగుతూ, దారి పొడవునా గులాబీ గీత గీస్తుంది. ఆ తరవాత కింద మంట పెట్టినా, పైకి లేస్తున్నది వేడినీళ్లో అంతకుముందే పరుచుకున్న రంగో చెప్పడం ఎవరి తరమూ కాదు. చెంచాతో అడుగున పెట్టబోతే, ఆ చెంచాను వెనక్కి తీసేటప్పుడు నీళ్లన్నీ కదిలి ఇరవై నిమిషాల ఓపిక బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

అందువల్ల గొట్టాన్ని ఉపయోగించాలి. రెండు చివరలూ తెరిచి ఉన్న గొట్టాన్ని నిటారుగా, అతి నెమ్మదిగా, తొట్టె అడుగు మధ్యభాగాన్ని తాకేవరకు దించాలి. నీటిమట్టానికి పైన ఉండే గొట్టం భాగం లోపల పొడిగా ఉండి తీరాలి. తడిగా ఉంటే స్ఫటికం గోడకు అతుక్కుని అక్కడే రంగు కారుస్తూ కూర్చుంటుంది. ఆ తరవాత చిమటాతో ఒకే ఒక స్ఫటికాన్ని, ఆవగింజ కన్నా పెద్దది కాకుండా ఎంచి, గొట్టంలోకి వదలాలి. అది అడుగుకు చేరేదాకా గొట్టం లోపలి నీళ్లే రంగెక్కుతాయి కాని బయటి నీళ్లకు ఆ సంగతే తెలియదు.

ఇక గొట్టం పైచివరను బొటనవేలితో గట్టిగా మూసి, ఊపిరి బిగబట్టినంత జాగ్రత్తగా, అటూ ఇటూ ఒరగనివ్వకుండా నిలువునా పైకి తీయాలి. వేలు మూసి ఉన్నంతవరకు రంగునీళ్లు గొట్టంతోపాటే బయటికి వచ్చేస్తాయి, స్ఫటికం మాత్రం అడుగున నిలిచిపోతుంది. వేలు ఒక్క క్షణం సడలినా రంగంతా తొట్టెలోకి దిగుతుంది. ఎడమచేతివాటం వాళ్లు కూడా అలవాటున్న చేతితోనే చేయాలి, చేతులు మార్చుకోకూడదు. నా విద్యార్థుల చేత ఈ ఒక్క పనినీ స్ఫటికం లేకుండా పదిసార్లు సాధన చేయించాకే అసలు ప్రయోగానికి అనుమతిస్తాను.

నీటికి బదులు గ్లిజరిన్ పోస్తే భూప్రావారంలా చిక్కగా ఉంటుందని సలహా ఇచ్చేవారు ఉన్నారు. పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పడితే కాసేపటికి దానంతట అదే భగ్గున మండుతుంది. ఆ రెండింటినీ ఒకే బల్ల మీదకు కూడా రానివ్వకూడదు.

మంట

వెంటనే కొవ్వొత్తి వెలిగించకూడదు. ఒక నిమిషం ఆగి, స్ఫటికం చుట్టూ రంగు అడుగునే చిన్న మరకలా పరుచుకుని ఉండడాన్ని పిల్లలకు చూపించాలి. వేడి లేనప్పుడు రంగు పైకి రాదని చూడనివారికి, ఆ తరవాత అది లేచినా ఆశ్చర్యం కలగదు. ఇప్పుడు కొవ్వొత్తిని స్ఫటికానికి సరిగ్గా కిందకు, మంట కొసకూ గాజుకూ మధ్య వేలెడు ఎడం ఉండేలా జరపాలి. సారాదీపం, గ్యాసు పొయ్యి వద్దు. మంట పెద్దదైతే ప్రవాహం కలగాపులగమై నిమిషంలో తొట్టె అంతా ఒకే రంగవుతుంది. సాంబారు కుతకుత ఉడకడాన్ని చూపి ఇదే భూగర్భం అనే వీడియోలు చాలా ఉన్నాయి, కాని అక్కడ ఎగిసేది ఆవిరి బుడగలు.

కాసేపటికి దారంలాంటి గులాబీ పోగు నిలువునా లేచి, నీటిమట్టానికి తగిలి, గొడుగులా రెండు పక్కలకూ విప్పుకుని, చివరలకు చేరేసరికి చల్లబడి కిందికి వంగుతుంది. వేడెక్కిన నీరు వ్యాకోచించి తేలికవుతుంది, చల్లబడిన నీరు బరువెక్కి దిగుతుంది. ఇలాంటి వేడి స్తంభమొకటి లోతునుంచి లేచినందువల్లే సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట దక్కన్ లావా పొంగిందని చాలామంది భూవిజ్ఞానుల అభిప్రాయం. రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి ప్రాంతాల్లోని నల్లరాయి ఆ కాలం నాటి లావాయే.

ఊక గింజలను పోగుకు ఇరుపక్కలా, ఒకదానికొకటి రెండు వేళ్ల దూరంలో నీటిమీద ఉంచితే అవి మెల్లగా ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. దగ్గరగా వేస్తే తలతన్యత వాటిని కలిపేస్తుంది. థర్మోకోల్ ముక్కలు నీటి మాట కన్నా గాలి మాట ఎక్కువగా వింటాయి కాబట్టి అవి పనికిరావు.

చెప్పక తప్పని తేడాలు

తొట్టెను చూపించి ఊరుకుంటే పిల్లలు భూప్రావారం ద్రవం అనే నమ్మకంతో ఇంటికి వెళతారు. అది ఘనపదార్థం. భూకంపాల అడ్డతరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు, అయినా భూప్రావారం గుండా వెళతాయి. ద్రవంగా ఉన్నది దాని కిందనున్న బాహ్య కేంద్రమండలం. కాగుతున్న ఘనశిల అపారమైన పీడనం కింద కోట్ల ఏళ్లపాటు రూపం మార్చుకుంటూ పారుతుంది. నీటితో పోలిస్తే దాని స్నిగ్ధత, అంటే పారకుండా అడ్డుకునే చిక్కదనం, ఒకటి పక్కన సుమారు ఇరవై నాలుగు సున్నాలు పెడితే వచ్చేన్ని రెట్లు ఎక్కువ. అందుకే తొట్టెలో నిమిషంలో జరిగేది అక్కడ ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు సాగుతుంది. హైదరాబాదు ఏటా 5 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఈశాన్యానికి జరుగుతోందని ఉపగ్రహ కొలతలు చెబుతున్నాయి.

రెండో తేడా ఊక గింజల విషయంలో ఉంది. భూమి పైపొరగా ఉన్న విశాలమైన రాతి ముక్కలు, అంటే భూపలకలు, ప్రవాహం మీద ఊరికే తేలే ఊక కావు. చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక సుమత్రా, జావాల దక్షిణపు అగాధం వంటి చోట్ల లోపలికి దిగుతూ, వెనుక ఉన్న భాగాన్ని తనతో లాగుతుంది. పలకల కదలికలో ఈ లాగుడుదే పెద్ద పాత్ర.

చివరగా కొవ్వొత్తిని పక్కకు తీసేసి, పోగు సన్నబడి కదలిక ఆగిపోయేదాకా చూడనివ్వాలి. భూమిలో ఎందుకు ఆగలేదని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. భూమి నుంచి వెలువడే వేడిలో దాదాపు సగం యురేనియం, థోరియం, పొటాషియం‌-40ల రేడియోధార్మిక క్షయం వల్ల శిలల్లోనే పుడుతోందనీ, మిగిలినది భూమి ఏర్పడిన నాటి నిల్వ అనీ అప్పుడు చెబితే చెవికెక్కుతుంది. ప్రశ్న రాకముందే చెబితే ఎవరూ వినరు.

తొట్టెను కడిగాక గాజు మీదా వేళ్ల మీదా గోధుమరంగు మరకలు మిగిలితే నిమ్మచెక్కతో రుద్దాలి, సబ్బుకు అవి లొంగవు.