అప్పుడప్పుడూ మిస్ కొట్టే కారు: ఎప్పుడు కొడుతోందో చూస్తే ఎక్కడుందో తెలుస్తుంది

మిస్ కొట్టడమంటే సిలిండర్‌లో పెట్రోల్ ఒక్కోసారి మండకుండా పోయి ఇంజన్ కుదపడం. ఎప్పుడూ మిస్ కొట్టే ఇంజన్‌తో పెద్ద చిక్కు లేదు. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడా కొడుతుంది, మెకానిక్ చెవికి దొరికిపోతుంది. ప్రాణం తీసేది అప్పుడప్పుడూ కొట్టే మిస్సే. ఇంటి దగ్గర కొడుతుంది, షెడ్డులో బుద్ధిగా ఉంటుంది. దాంతో అందరూ ఊహల మీద సామాను మార్చడం మొదలుపెడతారు.

మా నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు నన్ను రెండు నెలలు ఇలాగే ఏడిపించింది. శ్రీశైలం డ్యామ్ దగ్గర వంతెన దాటి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడల్లా రెండు మూడు కుదుపులు. కాలు తీస్తే మాయం. ప్లగ్గులు మార్పించాను, థ్రాటిల్ బాడీ కడిగించాను, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను. బిల్లు తొమ్మిది వేలు దాటింది, కుదుపు మాత్రం పోలేదు. చివరికి దొరికింది రెండో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు స్పార్క్ కరెంటు ఇచ్చేది) కింద, ప్లగ్గు మీద తొడుగులా ఉండే రబ్బరు బూటులో వెంట్రుకంత పగులు. ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు కొడుతోందని మొదటి రోజే అడిగి ఉంటే సామాను మార్చే పనే వచ్చేది కాదు.

ముందు లైటు సంగతి

చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలగడం వేరు, మిణుకుమిణుకుమనడం వేరు. మిణుకుతోందంటే కాలని పెట్రోల్ సైలెన్సర్ లైన్లోకి పోతోందని అర్థం. అది కేటలిటిక్ కన్వర్టర్‌లో కాలి లోపలి తేనెపట్టు లాంటి గూడును కరిగించేస్తుంది. వందల్లో పోయే ప్లగ్గు ఖర్చు పదుల వేలకు ఎక్కేది ఇక్కడే. అందుకే అప్పుడు యాక్సిలరేటర్ మీద ఒత్తిడి తగ్గించి, వీలైనంత త్వరగా బండి పక్కన ఆపండి.

కోడ్ చెరపకముందే రాసుకోండి

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్‌ని చదివే పాయింట్) చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, అందులో నమోదైన లోపం కోడ్‌ని ఫోన్లోనే చూసుకోవచ్చు. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది, అలా వరసగా. పీ0300 వస్తే ఫలానా సిలిండర్ అని తేలలేదన్నమాట. ఈసీఎంకి, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి, ఇది ఎలా తెలుస్తుందంటే, నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ప్రతి 180 డిగ్రీలకు ఒక తోపు అందుకుంటుంది. ఒక తోపు రాకపోతే క్రాంక్ ఆ క్షణం కాస్త నెమ్మదిస్తుంది. క్రాంక్ సెన్సర్ ఆ తేడాను పట్టుకుంటుంది.

ఒకే సిలిండర్ కోడ్ పదేపదే వస్తుంటే తప్పు ఆ సిలిండర్ దగ్గరే ఉంటుంది: దాని ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ లేదా కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి). అన్ని సిలిండర్లూ మార్చి మార్చి వస్తుంటే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి: పెట్రోల్ ప్రెషర్, గాలి లీకు, ఎర్త్ వైరు. ఒకటీ నాలుగూ కలిసి గానీ, రెండూ మూడూ కలిసి గానీ వస్తుంటే, మీ బండిలో రెండేసి సిలిండర్లకు ఒకే కాయిల్ ఉందేమో కనుక్కోండి.

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటుంటుంది. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, ఇంజన్ వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. అప్పుడప్పుడూ వచ్చే మిస్‌కు ఇంతకంటే మంచి సాక్షి లేదు. చాలా షెడ్డుల్లో స్కానర్ పెట్టగానే ముందు కోడ్ చెరిపేస్తారు, దాంతో ఆ సాక్ష్యం కూడా పోతుంది. ఫొటో తీసుకున్నాకే చెరపమనండి.

ఎత్తులో, ఓవర్‌టేక్‌లో, పెద్ద గేరులో కొడుతుంటే

ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) నున్నగా ఉండి లోడ్ పడగానే కొడితే ముందు అనుమానించాల్సింది స్పార్క్‌ని. గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్‌లో గాలి, పెట్రోల్ మరింత బిగుతుగా నొక్కుకుపోతాయి. అంత ఒత్తిడిలో ప్లగ్గు సందును దాటాలంటే స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ బలహీనపడినా, ప్లగ్గు అరిగి సందు పెరిగినా, బూటు పగిలినా, కరెంటు సులువైన దారి వెతుక్కుని పక్కనున్న ఇనుములోకి దూకేస్తుంది. ఐడిల్‌లో అంత వోల్టేజీ అక్కర్లేదు కాబట్టి అక్కడ బాగానే నడుస్తుంది.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కోడ్ పీ0302 వచ్చిందనుకోండి. ఇంజన్ ఆపి, చల్లారాక, రెండో కాయిల్‌ని మూడో దాంట్లో, మూడోదాన్ని రెండో దాంట్లో పెట్టండి. ప్లగ్గులు, ఇంజెక్టర్లు కదపొద్దు. ఒకేసారి రెండు మారిస్తే ఏది తప్పో తేలదు. కోడ్ చెరిపి, అదే ఎత్తు మళ్లీ ఎక్కండి. ఈసారి పీ0303 వస్తే దొంగ కాయిలో, దాని బూటో. మళ్లీ పీ0302 వస్తే ప్లగ్గు మార్చి చూడండి, ఆ తర్వాత ఇంజెక్టర్. మూడూ తేలకపోతే అప్పుడు కంప్రెషన్. ఇంజన్ నడుస్తుండగా కాయిల్ పైకి లాగి స్పార్క్ చూసే పాత అలవాటు వద్దు. షాక్ కొడుతుంది, ఈసీఎం కూడా పాడవ్వచ్చు.

ప్లగ్గు బయటికి తీసినప్పుడు తెల్లటి పింగాణీని వెలుతురులో తిప్పి చూడండి. ఇనుప భాగానికి ఆనుకుని చుట్టూ గోధుమరంగు వలయం ఉంటే భయపడకండి, అది మామూలే. నిలువుగా, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉంటే మాత్రం కరెంటు ఆ దారిన దూకుతోందన్నమాట. ఆ గీతకు ఎదురుగా బూటు లోపల కూడా జాడ ఉంటుంది. మా కారులో ఇదే జరిగింది. కొత్త ప్లగ్గు వేశారు గానీ పాత బూటే ఉంచారు. వారం తిరగకుండా కొత్త ప్లగ్గు మీద కూడా గీత పడింది. రెండూ కలిపి మార్చాలి.

మామూలు నికెల్ ప్లగ్గుల్లో సందు మీ బండి మాన్యువల్ ప్రకారం ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో చూసుకోండి. ఇరిడియం ప్లగ్గు కొనను మాత్రం వంచొద్దు, విరుగుతుంది. బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి, చివర టార్క్ రెంచ్ వాడండి.

సిగ్నల్ దగ్గర వణికి, తొక్కగానే సర్దుకుంటే

ఇది గాలి లీకు లక్షణం. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, కాబట్టి చిన్న పగులులోంచి దొంగగా వచ్చే గాలి కూడా పెద్ద వాటా అవుతుంది. ఆర్‌పీఎం పెరిగితే ఆ వాటా తగ్గిపోతుంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) చూడండి. ఐడిల్‌లో పది శాతం కంటే పైకి పోయి, 2,500 ఆర్‌పీఎం దగ్గర సున్నాకు దగ్గరగా వస్తే లీకు ఖాయమనుకోవచ్చు. ఆర్‌పీఎంతో పాటు ట్రిమ్ కూడా పెరుగుతుంటే పెట్రోల్ సరిపోవడం లేదు, పంపు ప్రెషర్ చూడాలి. లీకు వెతకాల్సింది పీసీవీ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి లాగే పైపు), బ్రేక్ బూస్టర్ పైపు, మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర. వేడి ఇంజన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి వెతకడం మంటతో చెలగాటం. షెడ్డులో స్మోక్ టెస్ట్ (పొగ పంపి లీకు కనిపెట్టడం) చేయించండి.

ఒక మాట. మూడు సిలిండర్ల బండి ఐడిల్‌లో కొంచెం వణకడం దాని స్వభావం. కోడ్ లేకుండా, వణుకు కొత్తగా పెరగకుండా ఉంటే మిస్ అనుకుని టెన్షన్ పడొద్దు.

వాన పడినప్పుడు, వాటర్ వాష్ తర్వాత

ప్లగ్గు గుంటలో నీళ్లు చేరాయేమో చూడండి. గాలి కొట్టి ఆరబెట్టాక ప్లగ్గు తీయండి, లేకపోతే ఆ నీళ్లు సిలిండర్‌లోకే పోతాయి. నీళ్లకు బదులు ఆయిల్ ఉంటే టాపెట్ కవర్ గాస్కెట్, ప్లగ్గు సీళ్లు పోయాయి. ఆయిల్ తుడిచి ఊరుకుంటే అది బూటు రబ్బరును నానబెట్టి ఉబ్బిస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ట్యాంకు నింపిన దగ్గర్నుంచి

పెట్రోల్‌లోని ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి, పంపు లాగేది కూడా అడుగు నుంచే. కొంచెం పెట్రోల్ గాజు సీసాలో తీయించి, గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయించడమే దారి. మీద ఇంకా పెట్రోల్ పోస్తూ వెళ్తే తీరదు.

పొద్దున్నే, లేదా వేడెక్కాక మాత్రమే

పొద్దున స్టార్ట్ చేసిన నిమిషం మాత్రమే కొట్టి, కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్ చూపించండి. రాత్రంతా కూలెంట్ సిలిండర్‌లోకి చెమ్మలా దిగుతుండొచ్చు. కూలెంట్ తగ్గకపోతే కారే ఇంజెక్టర్ మీద అనుమానం. వేడెక్కాకే కొడితే కాయిల్, లేదా టాపెట్ సందు (వాల్వు దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ) బిగుసుకుపోవడం. గ్యాస్ కిట్ బండ్లలో ఈ రెండోది తరచూ చూస్తాం. గ్యాస్‌లో మిస్ కొట్టి పెట్రోల్‌లో బాగుంటే కిట్‌ని తిట్టేముందు ప్లగ్గులు, కాయిళ్లు చూడండి. గ్యాస్‌కు స్పార్క్ ఇంకా బలంగా కావాలి.

గతుకుల్లో మాత్రమే కొడితే వైరింగ్. ఎలుకలు కొరికిన చోట్లు, వదులైన కనెక్టర్లు, తుప్పు పట్టిన ఎర్త్. ఐడిల్‌లో ఉంచి హార్నెస్‌ని (వైర్ల కట్టని) జాగ్రత్తగా కదిపి చూస్తే బయటపడుతుంది.

బాగైందని ఎప్పుడు అనుకోవాలి

షెడ్డు చుట్టూ ఒక రౌండు వేస్తే సరిపోదు. ఏ పరిస్థితిలో కొట్టిందో అదే పరిస్థితిలో నడపాలి. నేను బూటు, ప్లగ్గు మార్చాక మళ్లీ సున్నిపెంట ఘాట్ ఎక్కాను, పక్క సీట్లో తమ్ముడు ఫోన్ పట్టుకుని మిస్ ఫైర్ కౌంటర్ చూస్తున్నాడు. పాత చోటే, పాత గేరే, కాలు పూర్తిగా దింపాను. పైకి చేరేదాకా రెండో సిలిండర్ ఎదురుగా సున్నాయే ఉంది.