లైనక్స్ ల్యాప్‌టాప్ వేడెక్కుతుంటే కారణం ఎలా పట్టుకోవాలి?

ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వేసుకున్నవాళ్లు తరచుగా చెప్పే ఇబ్బంది ఇది. ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ హోరుమంటోంది, కీబోర్డు పైభాగం చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, నాలుగు గంటలు రావాల్సిన బ్యాటరీ రెండు గంటలకే చేతులెత్తేస్తోంది అంటారు. దీనికి దొరికే సలహాలు చాలావరకు ఒకే తీరు, కరెంటు ఆదా చేసే ఏదో ఒక ప్రోగ్రామ్ వేయమనడమే: టీఎల్‌పీ వేయండి, పవర్‌టాప్ వేయండి, ఆటో-సీపీయూఫ్రెక్ వేయండి. అన్నీ ఒకేరోజు వేస్తే వేడి తగ్గినా ఎందుకు తగ్గిందో తెలీదు. రేపు వైఫై తెగిపోవడం మొదలైతే ఏది తీసేయాలో అంతకన్నా తెలీదు.

ముందు కొలవండి. కారణం దొరికాక ఒక్కటంటే ఒక్కటే మార్చండి, మళ్లీ కొలవండి. కింద చెప్పేదంతా ఆ వరుసలోనే ఉంటుంది. ఉబుంటు 22.04, 24.04 దృష్టిలో పెట్టుకుని రాశాను. మింట్, డెబియన్‌లలో కూడా దాదాపు ఇవే పనిచేస్తాయి. కమాండ్లను పలికే తీరులో తెలుగులో ఇచ్చాను, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

మొదట: ఎంత వేడి, ఎన్ని వాట్లు?

కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది. "సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఎల్ఎం-సెన్సర్స్" అని కొట్టి ఆ ప్యాకేజీ వేసుకోండి. తర్వాత "వాచ్ సెన్సర్స్" అంటే రెండు సెకన్లకోసారి కొత్త అంకెలు కనిపిస్తుంటాయి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే "ప్యాకేజ్ ఐడీ 0" అన్న వరుస చూడాలి, ఏఎండీ అయితే "టీసీటీఎల్" అన్న వరుస.

అన్నీ మూసేసి ఐదు నిమిషాలు ఊరికే వదిలేయండి. అప్పుడు 40 నుంచి 55 డిగ్రీల మధ్య ఉంటే మామూలే. ఖాళీగా ఉండి కూడా 65, 70 దాటుతుంటే వెనకాల ఏదో నడుస్తోంది, లేదా లోపలి వేడి బయటికి పోవట్లేదు. బరువైన పని చేస్తున్నప్పుడు కాసేపు 85, 90 దాకా వెళ్లడం చూసి కంగారు పడొద్దు. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దు తగిలినప్పుడు ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అలా జరిగిందో లేదో "జర్నల్‌సీటీఎల్ -కే" అని కొట్టి వచ్చిన దాంట్లో "థ్రాటిల్డ్" అన్న మాట కోసం వెతికితే తెలుస్తుంది.

గది వేడిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఫ్యాన్ ఎంత తిరిగినా గదిలో ఉన్న గాలినే లోపలికి లాగుతుంది. 28 డిగ్రీల గదిలో 50 చూపించే ల్యాప్‌టాప్, రోహిణి కార్తెలో 40 డిగ్రీల గదిలో అదే పనికి 60కి పైనే చూపిస్తుంది. అందుకే కొలిచిన ప్రతిసారీ గది ఎలా ఉందో పక్కన రాసుకోండి. మధ్యాహ్నం అంకెని అర్ధరాత్రి అంకెతో పోల్చి "తగ్గింది" అనుకుంటే మోసపోతారు.

ఇప్పుడు చార్జర్ తీసేయండి. ఉబుంటులో "పవర్ స్టాటిస్టిక్స్" అనే ఆప్ ఉంటుంది, లేకపోతే వేసుకోవచ్చు. అందులో బ్యాటరీ మీద నొక్కితే మూడు అంకెలు కావాలి: ఇప్పుడు ఎన్ని వాట్లు లాగుతోంది, నిండా చార్జయితే ఎంత పడుతోంది, కొత్తగా ఉన్నప్పుడు ఎంత పట్టేది. ఉదాహరణకు కొత్తలో 48 వాట్-అవర్లు పట్టిన బ్యాటరీ ఇప్పుడు 33.6 పడుతోందనుకోండి, అంటే 70 శాతమే మిగిలింది. 8 వాట్లు లాగితే నాలుగు గంటల పైచిలుకు వస్తుంది. 16 లాగితే రెండు గంటలు. బ్యాటరీ అరిగిందా, మెషీన్ ఎక్కువ తాగుతోందా అన్న ప్రశ్న ఇక్కడే తేలిపోతుంది. మామూలు 14, 15 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెలుతురు మధ్యస్థంగా ఉండి, ఖాళీగా ఉన్నప్పుడు 5 నుంచి 8 వాట్లు లాగడం సబబు. ఖాళీగా 15 లాగుతుంటే తప్పకుండా వెతకాలి.

ఎవరు తింటున్నారో చూడండి

"టాప్" అని కొట్టండి. పైన "ఐడీ" పక్కన కనిపించేది ప్రాసెసర్ ఎంత శాతం ఖాళీగా ఉందో చెప్పే అంకె. అది 95 పైన ఉంటే ప్రాసెసర్ మీద నేరం మోపే పనిలేదు, నేరుగా కిందున్న ఎన్‌వీడియా కార్డు భాగానికి వెళ్లండి. తక్కువగా ఉంటే టాప్‌లో దాని కిందే వచ్చే పట్టికలో మొదటి వరుస చూడండి. ఎనిమిది కోర్లున్న మెషీన్‌లో ఒక్క ప్రోగ్రామ్ 100 శాతం చూపిస్తే, అది ఒక కోర్‌ని పూర్తిగా వాడేస్తోందని అర్థం. మొత్తంలో చూస్తే చిన్నదే అనిపిస్తుంది, కానీ ఆ ఒక్క కోర్ టర్బో వేగంలో (మామూలు వేగాన్ని దాటి పరిగెత్తే స్థాయి) నిలిచిపోయి ఫ్యాన్‌ని ఆగనివ్వదు.

పట్టికలో తరచుగా కనిపించే పేర్లు కొన్ని ఉన్నాయి. "ట్రాకర్-మైనర్" మీ ఫైళ్లకు సూచిక తయారుచేసే ప్రోగ్రామ్. కొత్తగా సిస్టమ్ వేశాక, లేదా పాత హార్డ్‌డిస్క్ నుంచి ఫోటోలన్నీ కాపీ చేశాక అది గట్టిగా పనిచేస్తుంది. చార్జర్ పెట్టి ఒక రాత్రి వదిలేస్తే దాని పని అయిపోతుంది. "అన్అటెండెడ్-అప్‌గ్రేడ్", "ప్యాకేజ్‌కిట్‌డీ", "స్నాప్‌డీ" అప్‌డేట్ల తాలూకువి, కాసేపటికి సద్దుమణుగుతాయి. వీటిని చంపేయమనే సలహాలు వినొద్దు. భద్రతా అప్‌డేట్లు ఆపేసి రెండు డిగ్రీలు తగ్గించుకోవడం మంచి బేరం కాదు.

నిజంగా తిప్పలు పెట్టేది "కేవర్కర్". ఇది లైనక్స్‌కి గుండెలాంటి కెర్నల్ సొంత పనివాడు, కాబట్టి పేరు చూస్తే ఎవరి పని చేస్తోందో తెలీదు. పేరు చివర "కేఏసీపీఐ" అన్న ముక్క ఉండి, గంటల తరబడి 70, 80 శాతం చూపిస్తుంటే మదర్‌బోర్డులోని ఏదో భాగం కెర్నల్‌ని అదేపనిగా పిలుస్తోందన్నమాట. స్లాష్ సిస్ స్లాష్ ఫర్మ్‌వేర్ స్లాష్ ఏసీపీఐ స్లాష్ ఇంటరప్ట్స్ అనే ఫోల్డర్‌లో "జీపీఈ" పేరుతో చిన్న చిన్న ఫైళ్లు ఉంటాయి. "గ్రెప్ చుక్క -ఆర్" అని కొట్టి ఆ ఫోల్డర్ దారి ఇస్తే అన్నిటి అంకెలూ ఒకేసారి వస్తాయి. చాలావాటి పక్కన సున్నా, కొన్నిటి పక్కన వందలు ఉంటాయి. ఒక్కదాని పక్కన మాత్రం లక్షలు, మళ్లీ చూస్తే ఇంకొన్ని వేలు పెరిగి కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ ఫైల్‌లోకి "డిసేబుల్" అని రాయిస్తే వేడి నిమిషాల్లో దిగుతుంది. అయితే మూత మూసినప్పుడు నిద్రపోవడంలాంటి పని ఏదైనా దానితోపాటు ఆగిపోవచ్చు, అందుకని దీన్ని తాత్కాలికంగానే వాడండి. అసలు మందు బయాస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్. డెల్, లెనోవో, హెచ్‌పీ మోడళ్లలో చాలావాటికి "ఎఫ్‌డబ్ల్యూయూపీడీఎంజీఆర్ అప్‌డేట్" కమాండ్‌తో లైనక్స్ నుంచే బయాస్ మార్చుకోవచ్చు. చార్జర్ పెట్టి, బ్యాటరీ సగానికి పైగా నిండాకే మొదలుపెట్టండి.

వీడియో చూస్తేనే వేడెక్కుతోందా?

యూట్యూబ్‌లో వీడియో నడుస్తుండగా దాని మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" ఎంచుకోండి. కోడెక్ అంటే వీడియోని కుదించి మళ్లీ విప్పే పద్ధతి. "కోడెక్స్" వరుసలో ఏవీ01 అని ఉంటే ఏవీ1, వీపీ09 అని ఉంటే వీపీ9, ఏవీసీ1 అని ఉంటే హెచ్.264. ఈ ఒక్క వరుస చాలా కథ చెబుతుంది. వీడియోని విప్పే పని గ్రాఫిక్స్ చిప్ చేస్తే రెండు మూడు వాట్లతో పోతుంది. ఆ కోడెక్ చిప్‌కి తెలియకపోతే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఇంటెల్‌లో ఏవీ1ని చిప్‌లోనే విప్పగలిగేది 11వ తరం నుంచి, వీపీ9ని పూర్తిగా విప్పగలిగేది 7వ తరం నుంచి. హెచ్.264 ఇప్పుడు వాడుకలో ఉన్న ల్యాప్‌టాప్‌లు అన్నిటికీ వచ్చు.

కాబట్టి మీది 4వ తరమో 5వ తరమో అయితే, యూట్యూబ్‌ని హెచ్.264 ఇవ్వమని అడిగే "హెచ్264ఇఫై" ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో వేసుకోండి. 1080 కన్నా పైస్థాయి నాణ్యత దొరకదు, కానీ ఆ వయసు ల్యాప్‌టాప్ తెరకు అంతకన్నా అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ మెషీన్ మీద క్లాసులు వినే విద్యార్థులకు నేను మొదట చెప్పేది ఇదే. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితమిచ్చే చిట్కా నాకు ఇంకోటి తెలీదు.

ఫైర్‌ఫాక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌కి ఈ హార్డ్‌వేర్ సాయం 2023లో వచ్చిన 115వ వెర్షన్ నుంచి దానంతటదే పనిచేస్తుంది. అడ్రస్ గడిలో "అబౌట్: సపోర్ట్" అని కొట్టి, మీడియా భాగంలో కోడెక్‌ల పట్టిక చూస్తే ఏవి హార్డ్‌వేర్‌లో నడుస్తున్నాయో ఉంటుంది. అన్నీ సాఫ్ట్‌వేర్ అనే చూపిస్తుంటే డ్రైవర్ లేదేమో చూడండి. 5వ తరం నుంచి ఇటువాటికి "ఇంటెల్-మీడియా-వీఏ-డ్రైవర్", అంతకన్నా పాతవాటికి "ఐ965-వీఏ-డ్రైవర్" ప్యాకేజీ కావాలి.

ఎన్‌వీడియా కార్డు ఉంటే

రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా 15, 20 వాట్లు పోతుంటే అనుమానించాల్సింది రెండో కార్డునే. "సుడో ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ" అంటే ఇప్పుడు ఏ పద్ధతిలో ఉందో చెబుతుంది. "ఎన్‌వీడియా" అని వస్తే ఆ కార్డు రాత్రింబవళ్లు మేలుకునే ఉంటుంది. "ఆన్-డిమాండ్"కి మారిస్తే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 వరుసల నుంచి ఇటు వచ్చిన కార్డులు పని లేనప్పుడు నిద్రపోగలవు. అంతకన్నా పాత కార్డయితే "ఇంటెల్" ఎంచుకుని రీస్టార్ట్ చేయడమే మేలు. చాలా మోడళ్లలో హెచ్‌డీఎంఐ పోర్టు ఎన్‌వీడియా కార్డుకే కలిపి ఉంటుంది, అలాంటప్పుడు ప్రొజెక్టర్ పెట్టే ముందు మళ్లీ వెనక్కి మార్చుకోవాలి.

ఆదా పద్ధతులు: ఒకటి చాలు

కారణాలు వెతికాకే వీటి దగ్గరికి రండి. ఉబుంటు సెట్టింగ్స్‌లో పవర్ అన్నచోట "పవర్ సేవర్", "బ్యాలెన్స్‌డ్" ఉంటాయి. కొన్ని మెషీన్లలో "పర్ఫార్మెన్స్" కూడా ఉంటుంది. ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. టీఎల్‌పీ ఇంకాస్త లోతుగా వెళ్తుంది, థింక్‌ప్యాడ్‌లాంటి వాటిలో చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపగలదు. ఎప్పుడూ చార్జర్‌కే అతికి ఉండే మెషీన్‌లో బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుంది. ఉబుంటు పవర్ సెట్టింగ్, టీఎల్‌పీ రెండూ ఒకే సెట్టింగులను చెరోవైపు లాగుతాయి కాబట్టి కలిపి వాడకూడదు. టీఎల్‌పీ కావాలంటే ఆ పవర్ సెట్టింగ్‌ని వెనకాల నడిపించే పవర్-ప్రొఫైల్స్-డీమన్ తీసేయాల్సిందే.

పవర్‌టాప్‌ని నేను చూడటానికే వాడతాను. చార్జర్ తీసి "సుడో పవర్‌టాప్" అంటే ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ని సెకనుకు ఎన్నిసార్లు నిద్రలేపుతోందో వరుసగా చూపిస్తుంది. "ఆటో-ట్యూన్" కొడితే దొరికినవన్నీ ఒకేసారి మార్చేస్తుంది, ఆపైన యూఎస్‌బీ మౌస్ కదిపిన ప్రతిసారీ క్షణం ఆగి మేలుకోవడం మొదలవుతుంది. ట్యూనబుల్స్ పేజీలో ఒక్కొక్కటిగా మార్చి చూసుకోండి.

ఇవన్నీ చేసినా ఎండాకాలం మధ్యాహ్నాలు భరించలేకపోతే టర్బో ఆపండి. ఇంటెల్‌లో స్లాష్ సిస్ స్లాష్ డివైసెస్ స్లాష్ సిస్టమ్ స్లాష్ సీపీయూ స్లాష్ ఇంటెల్ అండర్‌స్కోర్ పీస్టేట్ ఫోల్డర్‌లో "నో అండర్‌స్కోర్ టర్బో" ఫైల్ ఉంటుంది, దాంట్లో 1 రాయించాలి. రీస్టార్ట్ చేస్తే మామూలైపోతుంది. బరువైన పనులు నెమ్మదిస్తాయి, టైపింగ్‌కీ బ్రౌజింగ్‌కీ తేడా పెద్దగా తెలీదు, వేడి మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గుతుంది.

బ్యాగులో పెట్టాక కాలిపోతోందా?

మూత మూసి బ్యాగులో వేసుకుని ఆఫీసుకు వెళ్లి తీస్తే మెషీన్ వేడిగా, బ్యాటరీ సగానికి పడిపోయి ఉంటే నిద్ర పద్ధతిలో తేడా ఉంది. "క్యాట్" అని కొట్టి స్లాష్ సిస్ స్లాష్ పవర్ స్లాష్ మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ ఫైల్ చూడండి. "ఎస్2ఐడిల్", "డీప్" అని రెండు మాటలు కనిపించి, చదరపు బ్రాకెట్లు మొదటిదాని చుట్టూ ఉంటే మెషీన్ కునుకు తీస్తోందే తప్ప గాఢంగా నిద్రపోవట్లేదు. గ్రబ్ (లైనక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైల్‌లోని కెర్నల్ వరుసకు "మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ అండర్‌స్కోర్ డిఫాల్ట్ = డీప్" చేర్చి (సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు), "సుడో అప్‌డేట్-గ్రబ్" చేసి రీస్టార్ట్ చేయండి. కొత్త మోడళ్లు కొన్నిటిలో "డీప్" అసలు ఉండదు. వాటిని బ్యాగులో వేసే ముందు షట్‌డౌన్ చేయడమే క్షేమం.

చివరికి స్క్రూడ్రైవర్

ప్రాసెసర్ ఖాళీగా, వాట్లు తక్కువగా ఉన్నా డిగ్రీలు మాత్రం దిగకపోతే సాఫ్ట్‌వేర్‌ని వదిలేయండి, దుమ్ము పేరుకుంది. మూడు నాలుగేళ్లు తెరవని మెషీన్‌లో ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము దళసరి గుడ్డలా అట్టకట్టి ఉంటుంది. బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాకే చెయ్యి పెట్టండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకోండి, అది గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది. థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి అందించే పూత) ఎండి పెచ్చులుగా ఊడుతుంటే మార్చాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలాంటి కంప్యూటర్ మార్కెట్లలో చిన్న సిరంజీల్లో దొరుకుతుంది. మీకు అలవాటు లేకపోతే నమ్మకమైన మెకానిక్‌తో చేయించుకోండి. తెరిచినప్పుడు బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే గుచ్చకండి, నొక్కకండి, ఇక చార్జ్ చేయకండి. వెంటనే మార్పించాలి.

బిగించాక మొదట కొలిచిన పనినే, అదే గదిలో మళ్లీ కొలవండి. శుభ్రమైన ఫ్యాన్, కొత్త పేస్ట్ ఉండి కూడా నిమిషంలోపే 100 తాకుతుంటే హీట్‌పైపు (వేడిని మోసే రాగి గొట్టం) పనైపోయింది, లేదా హీట్‌సింక్ సరిగా కూర్చోలేదు. ముందు స్క్రూలు విప్పి మళ్లీ సమంగా బిగించి చూడండి, అప్పటికీ మారకపోతే హీట్‌సింక్ కొత్తది వేయించాలి.